మ్యాచింగ్ సెంటర్‌లో మెరూన్ లొల్లి: ఈ నానో హైబ్రిడ్ లైట్లు నిజంగా వస్తున్నయా?

మ్యాచింగ్_శీను | శనివారం రాత్రి 10:42

అందరికి నమస్తే. దిల్‌సుఖ్‌నగర్ల చిన్న మ్యాచింగ్ సెంటర్ నాది, బ్లౌజ్ పీసులు, ఫాల్స్, లైనింగులు గవే. దసరాకి ముందు షాపు మంచిగ చేయించి పాత ట్యూబ్‌లైట్లన్ని పీకేసి ఎల్ఈడీ ప్యానెళ్ళు పెట్టించిన, మొత్తం ఆరు. కరెంటు బిల్లు తగ్గింది, షాపు తళతళ మెరుస్తుంది, అంత బాగనే ఉంది కాని అప్పటినుంచి ఒకటే లొల్లి. మెరూన్ చీర తెస్తరు, నేను పీసు తీసి చీర మీద పరిచి చూపిస్త, నాకు ఓకే, ఆమెకు ఓకే, మీటరు కట్ చేసి ఇస్త. తెల్లారి మళ్ళ వస్తరు, ఎండల చూస్తే చీర మెరూన్, పీసు చాక్లెట్ అని. కట్ చేసిన గుడ్డ నేనేం చేసుకోవాలె చెప్పుర్రి. ఇప్పుడైతే ఆడోళ్ళు తాను తాను పట్టుకుని సీదా ఫుట్‌పాత్ మీదికి పోయి, బస్సుల మధ్యల నిలబడి ఎండల చూసొచ్చి అప్పుడు కట్ చేయమంటున్నరు.

మా బామ్మర్ది ఏమంటడంటే లైట్లల్ల ఏదో కొత్తగ నానో మెటీరియల్ వస్తున్నదంట, హైబ్రిడ్ అంట, అచ్చం ఎండ లెక్కనే వెలుగిస్తదంట, జర ఆగు బావా ఇప్పుడే మళ్ళ పైసలు పెట్టకు అంటున్నడు. నిజమేనా, ఎన్ని రోజులు ఆగాలె? తెలిసినోళ్ళు చెప్పుర్రి.

చర్లపల్లి_ప్యానెల్ | శనివారం రాత్రి 11:05

శీను గారూ మేం ప్యానెళ్ళు అసెంబుల్ చేస్తాం, చిన్న యూనిట్. ముందు డబ్బా మీద సీఆర్ఐ ఎంత రాసుందో చూడండి, అంటే ఆ లైటు కింద రంగులు ఎంత సరిగ్గా కనపడతాయో చెప్పే మార్కు. పక్కన కెల్విన్ ఎంతో కూడా, అది వెలుతురు పసుపు వైపా నీలం వైపా చెప్పే అంకె.

మ్యాచింగ్_శీను | శనివారం రాత్రి 11:11

డబ్బా పారేయలె అదృష్టం. సీఆర్ఐ 80 కన్న ఎక్కువ అని ఉన్నది. 6500 కె.

చర్లపల్లి_ప్యానెల్ | శనివారం రాత్రి 11:30

అదీ సంగతి. 80 అంటే పాస్ మార్కులు బాగానే ఉన్నాయి అనిపిస్తుంది కదా, కానీ ఆ 80 ఎలా వస్తుందో చూడండి. ఎనిమిది రంగు శాంపిళ్ళు తీసుకుని ఒక్కోదానికి మార్కులేసి సగటు కడతారు. ఆ ఎనిమిదీ లేత రంగులే, పాలిపోయిన గులాబీ, లేతాకుపచ్చ అలాంటివి. ముదురు ఎరుపు తొమ్మిదో శాంపిల్, దాన్ని ఆర్9 అంటారు, అది సగటులో లెక్కకే రాదు. కాబట్టి ఎరుపులో సున్నా తెచ్చుకున్న లైటు కూడా డబ్బా మీద 80 వేసుకుని దర్జాగా అమ్ముడుపోతుంది, కొన్నిటికి ఆర్9 మైనస్‌లో కూడా ఉంటుంది. మీ బిజినెస్ మొత్తం మెరూన్, కుంకుమ, రాణీ పింక్ మీద నడుస్తుంది, లైటుకేమో ఎరుపే తెలీదు.

అడిగితే కస్టమర్లు 90 సీఆర్ఐ ప్యానెల్ రేటు చూసి వెనక్కి పెట్టేస్తారండీ, తప్పు మాది ఒక్కళ్ళదే కాదు.

ఊరికే_చదివేవాణ్ణి | శనివారం రాత్రి 11:48

అంటే ఆ లైటు లెక్కల్లో ఫస్ట్ క్లాసు, తెలుగులో ఫెయిలు 😀

యూరోపియం_మేడమ్ | ఆదివారం ఉదయం 7:20

శీను గారూ, మీ ఇంట్లో పాత సినిమా సీడీ ఒకటి ఉంటే తీసి, రాత్రి గదిలో ఒక్క ఎల్ఈడీ లైటే వేసుకుని, సీడీ వెనకవైపు మెరుపులో ఆ లైటు రంగుల పట్టీ చూడండి. నీలం గట్టిగా ఒక ముద్దలా కనపడుతుంది, దాని పక్కన కాస్త చీకటి, తర్వాత ఆకుపచ్చ పసుపు వెడల్పుగా పరుచుకుని ఎరుపు దగ్గరకొచ్చేసరికి నీరసపడిపోతుంది. మీ మెరూన్ గొడవంతా ఆ చివర్లో ఉంది.

ఎందుకంటే తెల్ల ఎల్ఈడీ అనేది అసలు తెల్లది కాదు. లోపల చిప్ నీలం, 450 నానోమీటర్ల చుట్టుపక్కల. దాని మీద పసుపు పౌడరు పూస్తారు, యాగ్ అంటారు, యిట్రియం అల్యూమినియం గార్నెట్‌లో కొంచెం సీరియం కలిపింది. నీలంలో కొంత ఆ పౌడరు మింగి పసుపుగా కక్కుతుంది, మిగిలిన నీలం దాంతో కలిసి మన కంటికి తెలుపు. నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురా ముగ్గురికీ 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు, అంత గొప్ప పనే అది, కాదనను. కానీ పౌడరు ఒక్కటే అయితే ఎరుపు తక్కువ పడుతుంది.

ఇంకో ముక్క. చీర రంగు, పీసు రంగు వేరువేరు డైలతో వేసినవి. ఒక లైటు కింద రెండూ ఒకేలా కనపడి ఇంకో లైటు కింద విడిపోవడానికి మెటామెరిజం అని పేరుంది. మీకు మాత్రం దాని పేరు వాపస్.

నేను పీహెచ్‌డీ చేసింది ఇదే సబ్జెక్టులో, యూరోపియం హైబ్రిడ్ పదార్థాల మీద, ఇప్పుడు డిగ్రీ పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్నాను. మీ బామ్మర్ది చెప్పింది అబద్ధమేం కాదు, సాయంత్రం తీరిగ్గా రాస్తాను.

ట్రూప్‌బజార్_కాకా | ఆదివారం ఉదయం 9:02

నలభై ఏండ్లు వైరింగ్ చేసిన నేను, నానో గీనో నాకు తెల్వదు. శీనూ ఒకటి అడుగుత చెప్పు. షాపు మంచిగ చేయించిన అన్నవ్ కదా, ముందు షట్టర్ లేపితే సీదా రోడ్డే కదా, ఇప్పుడేం పెట్టినవ్? గ్లాస్ డోరా?

మ్యాచింగ్_శీను | ఆదివారం ఉదయం 9:40

అవు కాకా, ఏసీ పెట్టించిన గదా, గ్లాస్ డోర్ పెట్టి ఎండ పడకుండ ఫిల్మ్ ఏపిచ్చిన. బ్రౌన్ కలర్ది.

ట్రూప్‌బజార్_కాకా | ఆదివారం ఉదయం 9:44

😂😂 ఇగ సగం జవాబు దొరికింది. నీ కౌంటర్ మీద పొద్దంత రోడ్డు మీది ఎండే పడుతుండె, ట్యూబ్‌లైట్ ఉత్తగ పేరుకే. ఇప్పుడు ఎండను బ్రౌన్ ఫిల్మ్ తోని ఆపినవ్, లోపలికి వచ్చే కొంచెం కూడ చాయ్ రంగు, పైనుంచి 6500 నీలం లైటు. పీసు చాక్లెట్ కాకుంటే ఏమైతది.

మ్యాచింగ్_శీను | ఆదివారం ఉదయం 9:51

కాకా మీ కాళ్ళు మొక్కుత. మరి ఫిల్మ్ పీకేస్తే ఏసీ పని చేస్తదా?

ఊరికే_చదివేవాణ్ణి | ఆదివారం ఉదయం 10:15

నానో టెక్నాలజీ ఓడిపోయింది, కాకా గెలిచాడు, థ్రెడ్ క్లోజ్ చేయండి

యూరోపియం_మేడమ్ | ఆదివారం సాయంత్రం 6:35

కాకా గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు, నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. చదువుకున్నవాళ్ళతో ఇదే ఇబ్బంది. అయినా చీకటి పడ్డాక కూడా షాపు తెరిచే ఉంటుంది కదా, కాబట్టి లైటు సంగతీ మాట్లాడుకోవాల్సిందే.

హైబ్రిడ్ అంటే ఏమిటో చెప్తాను. యూరోపియం అని ఒక లోహం, సీఎఫ్ఎల్ బల్బుల్లో, డబ్బా టీవీల్లో ఎరుపు దీనిదే. ఎంత అందమైన ఎరుపంటే, 612 నానోమీటర్ల దగ్గర సన్నటి గీతలా వెలుగుతుంది. చిక్కేమిటంటే దీనికి తిండి యావ లేదు. వెలుగు మీద పోస్తే తనంతట తను దాదాపు ఏమీ తీసుకోదు, దాని లోపలి ఎలక్ట్రాన్ల రూల్సు అలాంటివి. అత్తారింటికి కొత్తగా వచ్చిన అల్లుడిలా, పక్కన ఎవరో కూర్చుని కొసరి కొసరి వడ్డిస్తేనే తింటుంది. ఆ వడ్డించేది ఒక సేంద్రియ అణువు, కార్బన్ రింగులున్నది. అది యూవీని యూరోపియం కన్నా కొన్ని వేల రెట్లు ఎక్కువగా పట్టుకుంటుంది, పట్టుకున్న శక్తిని పక్కనున్న యూరోపియంకి అందిస్తుంది, అది ఎర్రగా వెలుగుతుంది. దీన్ని యాంటెన్నా ఎఫెక్ట్ అంటారు, 1942లో వైస్‌మన్ అనే ఆయన మొదట చూశాడు. ఇలా సేంద్రియం, ఖనిజం చెరోపని పంచుకుంటే దాన్ని హైబ్రిడ్ అంటున్నాం. యూరోపియం బదులు టెర్బియం పెడితే 545 దగ్గర ఆకుపచ్చ.

ఇంకో శత్రువు నీళ్ళు. నీటి అణువు యూరోపియంకి అతుక్కుంటే ఆ శక్తిని వెలుగు కానివ్వకుండా వణుకుగా మార్చి వేడిగా పోగొట్టేస్తుంది. అందుకే దీన్ని గాజులాంటి సిలికాలో బంధిస్తాం. టీఈఓఎస్ అని సిలికా ఇచ్చే ద్రవంలో కొంచెం నీళ్ళు, ఆల్కహాలు, రెండు చుక్కల యాసిడ్ వేసి వదిలేస్తే పాలు తోడుకున్నట్టు తోడుకుంటుంది, రాత్రి పెట్టి పొద్దున చూస్తే గిన్నె వంచినా జారదు. తొందరపడి ఆరబెడితే పెరుగు విరిగినట్టే పగుళ్ళు. నేను పగలగొట్టుకున్న జెల్ ముక్కలన్నీ ఒక హార్లిక్స్ సీసాలో దాచాను, ఇప్పటికీ యూవీ టార్చి వేస్తే కుంకుమ భరిణెలా వెలుగుతాయి, మా పాప వాటిని రాళ్ళు అనుకుని ఆడుకుంటానని గోల.

నిమ్మకాయ_నానో | ఆదివారం రాత్రి 8:10

మేడమ్ సూపర్ చెప్పిన్రు. నేను ఎమ్మెస్సీ ఫైనలియర్, ప్రాజెక్ట్ కార్బన్ డాట్స్ మీద, అంటే కార్బన్‌తోని చేసిన వెలిగే నానో కణాలు. నా కథ కూడ చెప్త జర.

నిమ్మ ఉప్పు అంటరు కదా, సిట్రిక్ యాసిడ్, దాంట్ల యూరియా కలిపి నీళ్ళల్ల కరిగించి మైక్రోవేవ్ల పెట్టిన, ల్యాబ్లనే, ఇంట్ల ఎవరు చేయొద్దు ఎందుకంటే అమ్మోనియా కంపుకి ల్యాబ్ అటెండర్ అన్న కిటికీలన్ని తెరిచి నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టిండు. నీళ్ళన్ని పోయి బెల్లం పాకం లెక్క నల్లగ గట్టిగ అయింది. మళ్ళ నీళ్ళు పోసి కరిగించి వడకట్టి యూవీ టార్చి కొడితే నీలం పచ్చ మధ్య వెలుగు, ఆ రోజు రాత్రి నిద్ర పట్టలె. కాని ఆ నీళ్ళు ఆరబెట్టి పొడి చేసిన, వెలుగు మాయం! ఉత్త గోధుమ రంగు పొడి. సార్‌ని అడిగితే అదంతే, దగ్గర దగ్గరగ చేరితే ఒకదాని వెలుగు ఇంకోటి మింగేస్తది, సెల్ఫ్ క్వెంచింగ్ అన్నరు.

అప్పుడు ఏం చేసిన్నంటే గంజి. నిజంగ గంజి, హాస్టల్ మెస్సుల చీరెలకి పెట్టే గంజి పొడి తెచ్చి, వేడినీళ్ళల్ల కలిపి దాంట్ల రెండు చుక్కలు డాట్స్ వేసి గాజు పలక మీద పూసి ఆరబెట్టిన. ఆరినంక కూడ వెలుగుతుంది! గంజి వాటిని దూరం దూరం కూసోబెట్టింది.

యూరోపియం_మేడమ్ | ఆదివారం రాత్రి 8:32

బంగారం, మంచి పని చేశావు, స్టార్చ్‌తో జర్నల్స్‌లో కూడా చేశారు. ఒకటి అడుగుతాను ఏమనుకోకు, డయాలసిస్ చేశావా, అంటే సన్న పొర సంచిలో పోసి చిన్న అణువుల్ని బయటి నీళ్ళలోకి వదిలించడం? సిట్రిక్ యాసిడ్, యూరియా వేడిచేస్తే సిట్రాజినిక్ యాసిడ్ లాంటి చిన్న అణువులు కూడా పుడతాయి, అవీ నీలంగా మెరుస్తాయి. నువ్వు నానో కణం వెలుగుతోందనుకుంటావు, వెలిగేది పక్కనున్న ఆ చిన్నది కావచ్చు. వైవాలో ఎక్స్‌టర్నల్ మొదట అడిగేది ఇదే.

నిమ్మకాయ_నానో | ఆదివారం రాత్రి 8:36

ఉత్త ఫిల్టర్ చేసిన మేడమ్ 😶 రేపే మెంబ్రేన్ అడుగుత

కంది_రోడ్ | ఆదివారం రాత్రి 9:50

పెరోవ్‌స్కైట్ అనే స్ఫటికాల మీద పనిచేసే వాళ్ళు లేకుండా ఈ చర్చ ఏంటండీ. సీసియం, సీసం, బ్రోమిన్ కలిపిన నానో క్రిస్టల్స్ 2015లో జూరిక్‌లో కోవాలెంకో గ్రూప్ చేసి చూపించారు, యూవీ కింద ఆ ఆకుపచ్చ చూస్తే మిగతావన్నీ మసకే. బ్రోమిన్ బదులు అయోడిన్ కొంచెం కొంచెం కలుపుతూ పోతే ఎరుపు దాకా, క్లోరిన్ కలిపితే నీలం దాకా, సీసాలు వరసగా పెడితే ఇంద్రధనుస్సే. సీసియం స్థానంలో మిథైల్ అమోనియం లాంటి సేంద్రియ అయాన్ పెడితే అది కూడా హైబ్రిడ్డే, అసలు హైబ్రిడ్ పెరోవ్‌స్కైట్ అనే పేరే దానికి.

అయితే మా ల్యాబ్‌లో జులై వచ్చిందంటే గ్లవ్ బాక్స్ లోంచి, అంటే తేమ చొరబడని పెట్టె లోంచి, శాంపిల్ బయటికి తీయాలంటే భయం. తేమ తగిలితే పాడవుతుంది, ఊరికే నీళ్ళలో వేస్తే ఉప్పు కరిగినట్టే, ఎందుకంటే అది ఉప్పులాంటిదే. అందుకే సిలికాలో, పాలిమర్‌లో, గాజులో చుట్టడం, మేడమ్ చెప్పిన కథే మళ్ళీ. బ్రోమిన్ అయోడిన్ కలిపిన ఎరుపు దానిమీద గట్టి వెలుతురు పడితే రెండూ లోపల్లోపల వేరుపడిపోతాయి, రంగు మారిపోతుంది. పైగా సీసం.

సీసం వద్దనుకునేవాళ్ళకి 2018లో నేచర్‌లో వచ్చింది ఒకటుంది, వెండి, సోడియం, ఇండియం, కొంచెం బిస్మత్ కలిపిన డబుల్ పెరోవ్‌స్కైట్. ఒక్క పదార్థమే వెచ్చటి తెలుపు ఇస్తుంది, 86 శాతం ఎఫిషియెన్సీ. తడుముకోకుండా చెప్తున్నాను, నాకు నచ్చిన పేపర్ అది.

చర్లపల్లి_ప్యానెల్ | సోమవారం ఉదయం 8:15

అందరూ బాగా చెప్పారండీ, కానీ ఫ్యాక్టరీ వైపు నుంచి నాకు రెండు మాటలున్నాయి, తిట్టుకోవద్దు.

ఒకటి వేడి. మేం ఎల్ఈడీని బోర్డు మీద అతికించేది రీఫ్లో ఓవెన్‌లో, లెడ్ ఫ్రీ సోల్డర్‌కి 250 డిగ్రీల దగ్గరకి వెళ్ళొస్తుంది బోర్డు. అప్పటికే పౌడరు లోపల ఉంటుంది. యాగ్ పౌడర్‌కి అది చలిమంట లెక్క, దాన్ని తయారు చేసేదే 1500 డిగ్రీల చుట్టుపక్కల. మీ గంజి, మీ యాంటెన్నా ఆ ఓవెన్‌లో ఏమవుతాయి? సరే ఓవెన్ దాటాయి అనుకుందాం, ఆ తర్వాత చిప్ మీద రోజుకి పన్నెండు గంటలు వేడి, దాంతోపాటు గట్టి నీలం వెలుతురు, అలా ఏళ్ళ తరబడి.

మా అమ్మ పసుపు మరక పడ్డ గుడ్డని ఉతికి ఊరికే ఎండలో ఆరేస్తుంది, సాయంత్రానికి మరక పోతుంది. సబ్బుకి పోనిది ఎండకి పోయింది. సేంద్రియ రంగుకి వెలుతురు చేసేది అదే కదా. నా ప్యానెల్‌కి రెండేళ్ళ వారంటీ ఇవ్వాలి నేను.

రెండోది మేడమ్ గారి యూరోపియం యూవీ తింటుంది అన్నారు. నా దగ్గర చవగ్గా దొరికే చిప్ నీలం. యూవీ చిప్ రేటు ఎక్కువ, పైగా 365 నానోమీటర్ల యూవీని తీసుకెళ్ళి 612 ఎరుపు చేస్తే ఎంత శక్తి పోతుందో మీరే చెప్పండి.

యూరోపియం_మేడమ్ | సోమవారం మధ్యాహ్నం 1:25

మీకు తిట్లెందుకండీ, ఈ ప్రశ్నలు మా సెమినార్లలో ఎవరైనా అడిగుంటే నా థీసిస్ ఇంకాస్త బాగుండేది. ఒకరు మాత్రం ఎఫిషియెన్సీ కర్వ్ బావుందని చప్పట్లు కొట్టి సమోసా తిని వెళ్ళారు.

లెక్క చెప్తాను. 365ని 612 చేస్తే, ఒక ఫోటాన్‌కి ఒక ఫోటాన్ వచ్చినా సరే, శక్తిలో 40 శాతం వేడిగా పోతుంది. నీలం 450 నుంచి 620 ఎరుపు చేస్తే 27 శాతం పోతుంది. తేడా చిన్నది కాదు. అందుకే కొంతమంది వడ్డించే అణువునే మార్చి 400 దాటి కాస్త నీలం దాకా మింగేలా లాగుతున్నారు, మరీ లాగితే దాని శక్తి మెట్టు యూరోపియం మెట్టు కంటే కిందకి దిగిపోయి అందించడం మానేస్తుంది, అదో తంటా.

పసుపు ఉదాహరణ అద్భుతం. సరదాకి చెప్తున్నా, పసుపులో ఉండే కర్‌క్యుమిన్ రసాయనపరంగా బీటా డైకీటోన్, యూరోపియంకి మేం ఎక్కువగా వాడే యాంటెన్నాలదీ అదే కుటుంబం. అంటే మీ అమ్మగారి మరకా, నా థీసిస్ శాంపిలూ ఎండకి ఒకే రకంగా చచ్చాయి. సిలికాలో కట్టేశాక నావి ఎక్కువ రోజులు నిలబడ్డాయి కానీ, రెండేళ్ళ వారంటీ అంటే నేనూ సంతకం పెట్టను.

కంది_రోడ్ | సోమవారం మధ్యాహ్నం 2:40

చిప్ మీదే ఎందుకు పూయాలి? దూరంగా డిఫ్యూజర్ షీట్ మీద, అంటే వెలుతురుని పరిచే పై పలక మీద, పూస్తే వేడీ తగలదు, ఓవెన్ గొడవా లేదు. రిమోట్ ఫాస్ఫర్ అంటారు. 2011లో అమెరికాలో ఎల్ ప్రైజ్ అనే బల్బుల పోటీ గెలిచిన ఫిలిప్స్ బల్బు అలాంటిదే, ఆర్పి ఉన్నప్పుడు దాని చిప్పలు పసుపుపచ్చగా కనపడేవి. టీవీల్లో క్వాంటం డాట్లు అనే వెలిగే నానో కణాలు బతికి బట్టకట్టింది కూడా అలాగే, చిప్‌కి దూరంగా ఫిల్మ్‌లో పెట్టి.

చర్లపల్లి_ప్యానెల్ | సోమవారం మధ్యాహ్నం 3:10

పూయొచ్చు, రెండడుగుల ప్యానెల్‌కి నాలుగు చదరపు అడుగులు పూయాలి. చిప్ మీద అయితే మిల్లీగ్రాముల్లో పని అయిపోతుంది. ఖర్చు ఎవరిస్తారు? ఇంకో మాట, లైటు ఆర్పితే పసుపు రాసిన గడపలా ఉంటుంది ప్యానెల్, ఇంటీరియర్ వాళ్ళు ఒప్పుకోరు, ఒకసారి శాంపిల్ చూపిస్తే ఇది పాతదా అని అడిగారు.

ట్రూప్‌బజార్_కాకా | సోమవారం సాయంత్రం 5:00

మీరంత పౌడరు గురించే కొట్లాడుతున్నరు. నేను వందల ఎల్ఈడీలు విప్పిన, పౌడరు పోయి సచ్చింది చాన తక్కువ. డ్రైవర్ల, అంటే లైటుకి కరెంటిచ్చే బోర్డుల, కెపాసిటర్ ఉబ్బి సస్తది, వోల్టేజి ఎగిరి సస్తది, చిప్పు కింద అల్యూమినియం పల్చగ పెట్టి ఉడికి సస్తది. పౌడరు వందేండ్లు ఉంటే ఏం లాభం, రూపాయి కెపాసిటర్ ఏడాదికే పాయె.

చర్లపల్లి_ప్యానెల్ | సోమవారం సాయంత్రం 5:12

కాకా నన్ను చూసి అన్నట్టే ఉంది, మేం మంచి కెపాసిటరే వాడతామండీ 🙏

నిమ్మకాయ_నానో | సోమవారం రాత్రి 7:45

మరి క్వాంటం డాట్స్‌కి 2023ల కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చిన్రు కదా, బవెండి, బ్రూస్, ఎకిమోవ్ ముగ్గురికి. సైజు మారిస్తే రంగు మారుతది, మెటీరియల్ ఒకటే. రెండు మూడు నానోమీటర్లయితే నీలం, ఆరు దగ్గర ఎరుపు. అవి బల్బులల్లకి ఎందుకు రాలె?

కంది_రోడ్ | సోమవారం రాత్రి 8:30

వచ్చాయి తమ్ముడూ. ఓస్రామ్ వాళ్ళు ఓస్కానిక్ ఈ 2835 అని ఒక ఎల్ఈడీలో, చిప్ మీదే, క్వాంటం డాట్లు కలిపి 90 సీఆర్ఐతో అమ్మకానికి పెట్టారు. డాట్ చుట్టూ గట్టి కవచం కడితేనే అక్కడ బతికేది. సాధించొచ్చని రుజువైంది, కానీ బాగా మెరిసే డాట్లలో కాడ్మియం ఉంటుంది, యూరప్ రూల్స్‌లో దానికి పరిమితి 0.01 శాతం, సీసానికి ఇచ్చిన 0.1 కన్నా పదో వంతు. మన ఈ వేస్ట్ రూల్స్‌లో కూడా అవే అంకెలు. కాడ్మియం లేని ఇండియం ఫాస్ఫైడ్ టీవీల్లో బాగా నడుస్తోంది.

యూరోపియం_మేడమ్ | సోమవారం రాత్రి 9:15

ఇంకోవైపు చూస్తే ఈ పరిశోధన ఆగకపోవడానికి కారణం ఎరుపొక్కటే కాదు. యాగ్‌లో యిట్రియం ఉంది. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతి ఆంక్షలు పెట్టిన ఏడు లోహాల్లో యిట్రియం, టెర్బియం రెండూ ఉన్నాయి. మన తీరం ఇసుకలో ఇలాంటి లోహాలుండే మోనజైట్ ఖనిజం ఉంది, ఐఆర్ఈఎల్ అనే ప్రభుత్వ కంపెనీ తవ్వుతుంది, కానీ ఇసుక ఉండటం వేరు, అందులోంచి విడివిడిగా శుద్ధమైన ఆక్సైడ్ తీసి పౌడరు చేసుకోవడం వేరు. మన నిమ్మకాయ బాబు చేసే కార్బన్ డాట్లకి ఇలాంటి లోహమేదీ అక్కర్లేదు, అందుకే దానిమీద ఇంత మోజు. 2012లో రూర్కెలా ఎన్ఐటీ వాళ్ళు కమలాపండు రసంతోనే చేసి చూపించారు. నా అభిప్రాయం అడిగితే, కార్బన్ డాట్లలో నీలం, పచ్చ తేలిక, గట్టి ఎరుపు పొడి రూపంలో తెప్పించడం ఇంకా కష్టమే, మనకి కావాల్సిందేమో ఎరుపు.

మ్యాచింగ్_శీను | సోమవారం రాత్రి 10:20

మేడమ్, సార్లూ, అంత చదివిన, సగం అర్థమయింది సగం రేపు మళ్ళ చదువుత. ఒక్క మాట చెప్పుర్రి, మా బామ్మర్దికి ఏం చెప్పాలె? ఆగాలెనా కొనాలెనా?

చర్లపల్లి_ప్యానెల్ | సోమవారం రాత్రి 10:38

ఆగొద్దు. ఇవాళ దుకాణంలో దొరికే మంచి ఎరుపు ఏంటంటే, నైట్రైడ్ పౌడర్లు ఉన్నాయి, కేఎస్ఎఫ్ అని ఫ్లోరైడ్ ఉంది, పొటాషియం సిలికాన్ ఫ్లోరైడ్‌లో మాంగనీస్, 631 దగ్గర సన్నటి ఎరుపు, నీలం చిప్ తోనే వెలుగుతుంది. ఇవి కలిపిన ఎల్ఈడీలు 90, 95 సీఆర్ఐ అని దొరుకుతాయి. అడిగేటప్పుడు సీఆర్ఐతో ఆగకండి, ఆర్9 ఎంత అని అడగండి, 50కి తక్కువైతే వద్దు. 6500 మానేసి 5000 తీసుకోండి. ఆరు ప్యానెళ్ళూ మార్చక్కర్లేదు, గుడ్డ పరిచే కౌంటర్ మీద మాత్రం రెండు పెట్టండి, మిగతా షాపుకి ఉన్నవే చాలు.

యూరోపియం_మేడమ్ | సోమవారం రాత్రి 10:50

ఇంకొక్కటి, తెల్ల గుడ్డల సంగతి. మిల్లు తెలుపులో, మనం వాడే సబ్బు పొడిలో ఆప్టికల్ బ్రైట్‌నర్ ఉంటుంది, యూవీని తిని నీలంగా కక్కుతుంది, అందుకే ఎండలో తెల్లచొక్కా తళుక్కుమంటుంది. నీలం చిప్ ఎల్ఈడీలో యూవీ ఉండదు, 95 సీఆర్ఐ అయినా సరే తెలుపులు కాస్త నీరసంగానే కనపడతాయి. మీ కౌంటర్ దగ్గర నోట్లు చూసే యూవీ లైటు ఉంటే రెండు తెల్ల పీసులు దానికింద పెట్టి చూడండి, ఏది మిల్లు తెలుపో, ఏది కోరా గుడ్డో పట్టేస్తారు.

మ్యాచింగ్_శీను | శుక్రవారం రాత్రి 9:55

అప్‌డేట్. కౌంటర్ మీద రెండు లైట్లు మార్చిన, ఆర్9 అని అడిగితే మొదటి షాపాయన నా మొఖం చూసిండు, మూడో షాపుల దొరికినయి, బాక్స్ మీద ఆర్9 రాసి కూడ ఉంది. గ్లాస్ డోర్ మీద బ్రౌన్ ఫిల్మ్ పీకేసి రంగు లేనిది ఏపిచ్చిన, ఇద్దరు పిల్లగాండ్లు కూసోని బ్లేడుతోని గీకితే పూట పట్టింది.

వాపస్ తెచ్చిన పీసులు పక్కకు పెట్టిన కదా, నాలుగు. రాత్రి చీరకి పెట్టి కొత్త లైట్ కింద చూసిన. మూడు పీసులు దూరంకెళ్ళే తేడా కొడుతున్నయి, అరే నేనే కట్ చేసిచ్చిన్నా ఇది అనిపించింది. నాలుగోది మాత్రం ఇప్పటికి కూడ నాకు సరిగ్గనే కనపడుతుంది, ఆమెనే ఎక్కువ లొల్లి పెట్టింది.

నోట్ల లైటు కింద తెల్ల పాప్లిన్లు చూసిన మేడమ్, ఒకటి నీలంగ భగ్గుమంది, ఇంకోటి చచ్చినట్టున్నది. నేను రెండు ఒకటే రేటుకి అమ్ముతున్న ఇన్నేండ్లు.

నిమ్మకాయ_నానో | శుక్రవారం రాత్రి 10:03

అన్నా ఆ చచ్చినట్టున్న పాప్లిన్ ఒక అర మీటర్ ఇస్తరా? డాట్స్ గంజి గుడ్డ మీద పూసి చూడాలె, బ్రైట్‌నర్ ఉన్న గుడ్డయితే దాని వెలుగే కనపడి నా రీడింగ్ ఖరాబైతుంది. మెంబ్రేన్ కూడ దొరికింది మేడమ్, డయాలసిస్ చేస్తే సగం వెలుగు బయటి నీళ్ళల్లకి పోయింది 😭

యూరోపియం_మేడమ్ | శుక్రవారం రాత్రి 10:20

ఏడవకు. ఆ బయటి నీళ్ళు పారబొయ్యకు, దాని స్పెక్ట్రమ్ కూడా తీసి పక్కపక్కన పెట్టి ప్రాజెక్ట్‌లో రాయి.

మ్యాచింగ్_శీను | శుక్రవారం రాత్రి 10:26

రా తమ్మీ, ఇస్త, పైసలు వద్దు. గంజి పెట్టినంక జర మంచిగ ఇస్త్రీ చేయి, నలగొద్దు. ఆదివారం పొద్దున రాకు, గిరాకీ టైము.